సర్దుకుపోయేది ఎవరు?

బెంగళూరుకు కొత్తగా వచ్చిన తెలుగువాడికి కన్నడం రాకముందే ఒక కన్నడ వాక్యం వచ్చేస్తుంది: ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’. బస్సులో ముగ్గురు కూర్చున్న సీటు దగ్గర నాలుగోవాడు వచ్చి ఈ మాట అంటాడు. నీళ్లు రాని రోజున ఇంటి యజమాని అంటాడు. సాంబారు అయిపోతే హోటల్లో సర్వరు అంటాడు. మాటలో కాఠిన్యం లేదు, ఒక చనువుంది. అందుకే ఈ ఊరివాళ్లు దాన్ని తమ నగర స్వభావంగా చెప్పుకుని మురిసిపోతారు. నాకూ ఆ మాట ఇష్టమే. కాని ఎవరు ఎవరితో అంటున్నారో గమనిస్తే దాని రంగు మారిపోతుంది. నిలబడ్డవాడు కూర్చున్నవాడితో అంటే అది అభ్యర్థన. యజమాని అద్దెకున్నవాడితో అంటే ఆజ్ఞ.

మన భాషలో ఈ తేడాకు రెండు మాటలున్నాయి. సర్దుకుపోవడం ఒకటి, సర్దుబాటు ఒకటి. సర్దుకుపోవడం అత్తవారింటికి వెళ్లే పిల్లకు చెప్పే బుద్ధి. పరాయి రాష్ట్రంలో ఇల్లు కట్టుకున్న మనబోటివాళ్లకు చెప్పే బుద్ధి కూడాను. సర్దుబాటు ఇంటివాళ్లు చేసే పని. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ వస్తోందంటే మేడమీది గది వద్దని కింది గది ఖాళీ చేస్తాం, పీట తీసి కుర్చీ వేస్తాం. మొదటిదానిలో మనిషి మారాలి, రెండోదానిలో ఇల్లు మారాలి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే కొత్తది 21 రకాలను గుర్తించింది. అంతకన్న ముఖ్యం, అది ఒక కొత్త భావాన్ని మన న్యాయభాషలోకి తెచ్చింది. మనిషి తన హక్కును తక్కినవారితో సమానంగా అనుభవించడానికి అవసరమైన మార్పులు చేయాలి, అవతలివారిమీద మోయలేని భారం పడకుండా చేయాలి అని దాని సారాంశం. దాన్ని ‘సబబైన సర్దుబాటు’ అని పిలుచుకుందాం. ఆ సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షే అని చట్టం తన నిర్వచనంలోనే చేర్చింది. (2015 నుంచి ప్రభుత్వం వికలాంగులను ‘దివ్యాంగులు’ అనమంటోంది. మెట్లు మెట్లుగానే ఉంచి, ఎక్కలేనివాడికి దివ్యత్వం అంటగట్టడం నాకు రుచించదు. పాత మాటే వాడుతున్నాను.)

చట్టం సంగతి అలా ఉంచి ధర్మం సంగతి చూద్దాం. గుమాస్తా పనిలోనో బడిపంతులు పనిలోనో సర్దుబాటు అంటే అందరూ తలలూపుతారు. కష్టమే గొప్పగా చెప్పుకునే వృత్తులున్నాయి. పెద్ద కంపెనీలకు వ్యాపార సలహాలు చెప్పే మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ అటువంటిది. అక్కడ ‘కొంచెం వెసులుబాటు’ అన్న మాటే ఆ వృత్తిని వెక్కిరించినట్టు వినిపిస్తుంది. ఈతలో కొంచెం తడవకుండా ఉంటానన్నట్టు! ఆ మాట నిజంగా అంత అసంగతమా?

ఈ ప్రశ్న వేయడానికి ఎలక్ట్రానిక్ సిటీకన్న మంచి చోటు దొరకదు. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల దగ్గర 332 ఎకరాల్లో దీన్ని నెలకొల్పింది. ఆర్.కె. బాళిగ కల అది. అప్పట్లో ఎలక్ట్రానిక్ పరికరాలు తయారు చేసే చోటుగా ఊహించారు. 1994లో ఇన్ఫోసిస్ తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికి తెచ్చింది. తర్వాత తర్వాత ఇక్కడ వస్తువులకన్న మనుషుల గంటలు ఎక్కువగా అమ్ముడుపోసాగాయి. ప్రోగ్రాము రాసే గంటలు, లెక్క చూసే గంటలు, సలహా చెప్పే గంటలు. హోసూరు రోడ్డు పొడవునా తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్లకు, అనంతపురం నుంచీ కర్నూలు నుంచీ నిన్నమొన్న వచ్చిన కుర్రకారుకూ ఇది అన్నం పెట్టే చోటయింది.

ఈ చోటంతా సర్దుబాట్ల మీదే నడుస్తోంది. ఉద్యోగులు ట్రాఫిక్‌లో చిక్కి ఆలస్యమవుతున్నారని 2010 జనవరి నాటికి బొమ్మనహళ్లి వైపు నుంచి దాదాపు 10 కిలోమీటర్ల పైవంతెన వేశారు. 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల పసుపు మార్గం మెట్రో వచ్చింది. రాత్రి పనిచేసేవాళ్లకు ఇంటిదాకా కారు పంపుతారు. కరెంటు పోతే జనరేటరు, ఎండకు ఏసీ, ఆకలికి క్యాంటీను, ఆరో అంతస్తుకు లిఫ్టు. రెండు కాళ్లూ రెండు కళ్లూ సరిగ్గా ఉన్న మనిషి కూడా ఇవేమీ లేకుండా ఒక్క వారం ఆ పని చేయలేడు. అతని శరీరపు పరిమితులు కూడా పరిమితులే. అతనికోసం ఇన్ని కోట్లు ఖర్చుపెట్టి ఇంత చేశాక, దాని పేరు ‘సౌకర్యం’. పైవంతెన ఎక్కేముందు అతణ్ని ఎవరూ సర్టిఫికెట్ అడగరు. చూపులేని ఉద్యోగికి తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టాలంటే మాత్రం దాని పేరు ‘ప్రత్యేక మినహాయింపు’. అటువంటి సాఫ్ట్‌వేర్ ఒకటి, ఎన్‌వీడీఏ, 2006 నుంచి ఉచితంగానే దొరుకుతోంది.

ఇక ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఊరు హిందూపురం అనుకోండి. బాగా చదివింది, ఎలక్ట్రానిక్ సిటీలో ఒక సలహా సంస్థలో చేరింది. ఆదివారం రాత్రో సోమవారం తెల్లవారుజామునో విమానం, నాలుగు రోజులు ముంబయిలో క్లయింటు దగ్గర, గురువారం రాత్రి తిరుగు విమానం, శుక్రవారం ఇక్కడి ఆఫీసులో. మూడో ఏట ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. నరాల పొర దెబ్బతినే జబ్బు, 2016 చట్టం పేరుపెట్టి చెప్పిన 21లో ఒకటి. ఉదయం చూస్తే మనిషికేం, నిక్షేపంలా ఉంది అంటారు. మధ్యాహ్నానికి, అందులోనూ వేడి తగిలితే, ఒంట్లో సత్తువ అంతా తీసేసినట్టవుతుంది. అది నిద్రతో తీరే అలసట కాదు. ఆమె మూడు అడిగింది: నాలుగు రోజుల ప్రయాణం బదులు రెండు రోజులు, మధ్యాహ్నం ఒక గంట పడుకునే చోటు, రాత్రి తొమ్మిది తర్వాత తెల్లవారేలోగా ఏదో కావాలని ఫోను రాకపోవడం. జీతం తగ్గించినా సరేనంది.

ఆఫీసులో వచ్చే జవాబు మనకు తెలుసు. ‘మాకు సానుభూతి ఉంది, కాని ఈ వృత్తి స్వభావమే అంత.’

ఈ జవాబును చులకన చేయకూడదు. వృత్తికి స్వభావమనేది ఉంటుంది. తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకాయన రంగులు సరిగా గుర్తుపట్టలేడని వైద్యపరీక్షలో తేలి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2025 ఆగస్టులో తీర్పు వచ్చింది. ఆ బస్సే నడపనివ్వండని కోర్టు అనలేదు. ప్రయాణికుల ప్రాణాల గురించి సంస్థ పడే భయం న్యాయమైనదే. కాని డ్రైవరుగా పనికిరాని మనిషి సంస్థలో మరెక్కడా పనికిరాడా అని వెతికి చూడకుండా ఇంటికి పంపడం తప్పంది. తగిన మరో ఉద్యోగం, అదే జీతపు స్థాయిలో, ఇవ్వమంది. సిగ్నలు ఎర్రగా ఉందో పచ్చగా ఉందో తెలియడం డ్రైవరు పనికి ప్రాణం. టికెట్లు లెక్కపెట్టడానికి అది అక్కర్లేదు.

సలహా చెప్పే వృత్తిలో ఆ ఎర్రదీపం ఏది? నా మట్టుకు నాకు మూడు కనబడతాయి. లెక్క తప్పు కాకూడదు. క్లయింటు వ్యాపారాన్ని లోతుగా అర్థం చేసుకోవాలి. చెప్పిన తేదీకి చెప్పిన పని ఇవ్వాలి. వీటిలో ఏ ఒక్కటీ సడలించమని ఆ అమ్మాయి అడగలేదు. సడలించమంటే నేనూ ఒప్పుకోను. రాత్రి ఒంటిగంటకు పంపిన ఉత్తరానికి ఒంటిగంటా పది నిమిషాలకు జవాబివ్వడం మాత్రం పని కాదు, భక్తి నిరూపణ. గుడిలో పొర్లుదండాలు పెట్టేవాడి భక్తి ఎక్కువో తక్కువో మనం చెప్పలేం. కాని పొర్లుదండాలు పెట్టలేనివాడికి ప్రసాదం లేదనడం ఏ గుడిలోనూ లేదు.

ఏది ప్రాణం, ఏది అలవాటు అన్నది లోపలున్నవాళ్లకు కనబడదు. కరోనా వచ్చి 2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు కనబడింది. ఇంటినుంచి పని చేయనివ్వమని వికలాంగ ఉద్యోగులు అడిగితే రహస్యాలు బయటికి పోతాయని, జట్టు చెదిరిపోతుందని, క్లయింటు ఒప్పుకోడని చెప్పే కార్యాలయాలు కొద్దిరోజుల్లో వేలమందిని కంప్యూటర్లిచ్చి ఇళ్లకు పంపాయి. క్లయింట్లు ఒప్పుకున్నారు. అసాధ్యమన్నది అసాధ్యం కాదని, అడిగినవాళ్లు తక్కువమంది కాబట్టి అసాధ్యమయిందని ఆ కొద్దిరోజులు చెప్పాయి. మహమ్మారి తగ్గాక, వారానికి ఇన్ని రోజులు రావాల్సిందేనని చాలాచోట్ల మళ్లీ నియమం పెట్టారు. పెట్టుకోవచ్చు, ఎదురెదురుగా కూర్చుంటే పుట్టే ఆలోచనలుంటాయి, నేను కాదనను. అయితే ఇప్పుడా నియమాన్ని వృత్తి స్వభావం అనడానికి మాత్రం నోరు రాకూడదు.

చూపు మందగించిన ఒక కళాకారుడి సంగతి గుర్తొస్తోంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893లో పుట్టింది ఈ బెంగళూరులోనే, పెరిగింది విశాఖపట్నంలో. కంటిచూపు సరిగా లేని ఆ మనిషిని 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాల వయొలిన్ ఆచార్యుడిగా తీసుకుంది. 1936లో ఆయన దానికి అధ్యక్షుడూ అయ్యారు. వయొలిన్ నేర్పడానికి ఏం కావాలో ఆ కళాశాలకు తెలుసు. అంతే అడిగింది. ఆ రోజుల్లో ఏ చట్టమూ లేదు.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తిగారు దేశపు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. దానిమీద ఎంత గొడవ జరిగిందో పాఠకులకు తెలుసు. ఆయన తాను చేయనిది చెప్పే మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. నా సందేహం గంటల సంఖ్య మీద కాదు. వారానికి 70 గంటలు ఆఫీసుకిచ్చే మనిషి ఇంట్లో కుక్కరు ఎవరు పెడుతున్నారు? అతని చొక్కా ఎవరు ఉతికారు, అతని తండ్రిని కంటి డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్లారు? ఆ 70 వెనక మరొకరివి 50 గంటలు దాగి ఉంటాయి, అవి ఏ లెక్కలోనూ రావు. ఆరోగ్యవంతుడైన ఉద్యోగి స్వతంత్రుడని, వికలాంగుడు పరాధీనుడని అనుకుంటాం. ఇద్దరూ పరాధీనులే. ఒకడి ఆధారం ఇంట్లో ఉంది కాబట్టి ఆఫీసుకు కనబడదు.

అమర్త్యసేన్ 1979లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో, సమానత్వం అంటున్నారు సరే, దేనిలో సమానత్వం అని అడిగాడు. ఇద్దరికి ఒకే సొమ్మిచ్చినా, కాలు లేనివాడు అదే సొమ్ముతో అదే చోటికి చేరలేడు. ఇచ్చింది ఎంతని కాదు, దానితో ఏం చేయగలిగాడో చూడమన్నాడు. ఆ అమ్మాయికి రోజూ అందరికీ ఉన్న 24 గంటలే ఉన్నాయి. వాటిలో ఆమె చేతికి అందేవి వేరు.

ఇంతవరకూ తేలిక. అసలు చిక్కు ఆమె పక్క కుర్చీ కుర్రాడిది. ఆమె రెండు రోజులే ముంబయి వెళుతుంది కాబట్టి మిగతా రెండు రోజులు అతను అక్కడ రెట్టింపు పని చేస్తాడు. రాత్రి ఫోను ఇప్పుడు అతనికే వస్తుంది. అతనికీ ఇంట్లో ఏడాది పాప ఉండవచ్చు. అతను నోరు తెరిచి ఏమన్నా అంటే నీచుడవుతాడు, అనకపోతే లోలోపల కుళ్లిపోతాడు. ఈ విషయం మీద వచ్చే మంచి మాటలన్నీ ఈ కుర్రాణ్ని వదిలేసి వెళ్లిపోతాయి. నాకు మాత్రం అతని కోపం న్యాయంగానే తోస్తుంది. గురి తప్పింది, అంతే. నలుగురు చేయాల్సిన పనికి నలుగుర్నే లెక్కపెట్టి, ఒకరికి జ్వరం వచ్చినా కూలిపోయేంత బిగువుగా జట్టును కట్టినవాడు ఎవడో వాడిమీద పడాలి ఆ కోపం. సర్దుబాటు చేయాల్సిన సంస్థ చేయకుండా, ఆమెకు సరేనని చెప్పి, బరువు తీసుకెళ్లి అతని నెత్తిన పెట్టింది. సర్దుబాటు కాస్తా మళ్లీ సర్దుకుపోవడమే అయింది, మనిషి మారాడు.

మనకిది కొత్త కాదు. ప్రాథమిక స్థాయిలో పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పించే వసతి కల్పించమని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. 1956లో ఏడో సవరణ ద్వారా చేరింది. తెలుగు తరగతి కావాలంటే సరే పెట్టుకోండని, తెలుగు పంతులు పోస్టు మాత్రం ఇవ్వకుండా, ఉన్న పంతులుతోనే దాన్నీ లాగించమంటే ఏమవుతుంది? ఆ పంతులుకు ప్రభుత్వం మీద కోపం రాదు, తెలుగు పిల్లల మీద వస్తుంది. ఇక్కడికి కూతవేటు దూరంలో, హోసూరు వైపు, 2006లో తమిళనాడు పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేసే చట్టం తెచ్చాక, తెలుగు పిల్లలకు పరీక్షలో మినహాయింపు కోసం పెద్దలు కోర్టుల చుట్టూ తిరగాల్సివచ్చింది. అడిగినవాడు గొడవకారుడుగా కనబడే తీరు అక్కడా ఇక్కడా ఒకటే. ఇవ్వవలసిన ఖర్చును ఇవ్వవలసినవాడు ఇస్తే పక్కవాడు శత్రువు కాడు.

జట్టులో సగం మనిషిని అదనంగా పెట్టుకోవడం సలహా సంస్థకు మోయలేని భారమా? చిన్న దుకాణానికి కావచ్చు. చట్టంలో భారం గురించిన షరతు ఉన్నది అటువంటివాళ్లకోసమే. వందల కోట్ల వ్యాపారం చేసే సంస్థ ఆ షరతు వెనక నిలబడితే చూడ్డానికి బాగుండదు.

మరొకటి ఉంది, దీన్ని గురించి తక్కువ మాట్లాడతారు. అడగాలంటే ముందు చెప్పుకోవాలి. తన శరీరంలోని రహస్యాన్ని, అమ్మకు కూడా పూర్తిగా చెప్పనిదాన్ని, నిన్న పరిచయమైన అధికారి ముందు పెట్టాలి. నిక్షేపంలా కనబడే మనిషి చెబితే నమ్మరు. నమ్మితే ఆ క్షణం నుంచి పెద్ద పనులు ఇవ్వరు, ‘పాపం, ఆమెకెందుకు శ్రమ’ అని. ఈ దయ చాలా ఉద్యోగాలను నిశ్శబ్దంగా తినేస్తుంది. సర్టిఫికెట్ అంటే శాతం కావాలి, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. జబ్బు ఉదయం పదిశాతం, సాయంత్రం అరవైశాతం ఉంటే? ఈ విషయంలో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మంచి మాట చెప్పింది. చేతివేళ్లు కొంకర్లు పోయే జబ్బున్న ఒక అభ్యర్థికి సివిల్ సర్వీసు పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వనన్నప్పుడు, ఆ 40 శాతం గీత రిజర్వేషన్లవంటి వాటికేగాని సర్దుబాటుకు కాదని తేల్చింది. సర్దుబాటు అవసరాన్ని బట్టి, కొలతను బట్టి కాదు.

శ్రీకాంత్ బొల్లా కథ అందరికీ తెలుసు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టుచూపు లేకుండా పుట్టి, అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాదులో పరిశ్రమ పెట్టాడు. 2024లో హిందీలో సినిమా కూడా వచ్చింది. సభల్లో ఆ కథ చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. ఇంటర్మీడియెట్‌లో సైన్సు తీసుకోవడానికి ఆ అబ్బాయి కోర్టుకెక్కాల్సి వచ్చిందన్నది మాత్రం కథలో ఒక మలుపుగా దాటిపోతుంది. గోడ ఎక్కినవాణ్ని పొగుడుతూ గోడ ఎవరు కట్టారో అడగం. కోర్టుకెక్కే స్తోమత లేని చూపులేని పిల్లలు అదే ఏట ఎందరు ఆర్ట్సులో చేరిపోయారో ఏ సినిమాలోనూ రాదు.

మళ్లీ మన అమ్మాయి దగ్గరికి. తక్కువ గంటలకు తక్కువ జీతం, అది న్యాయమే, తనే ఒప్పుకుంది. పై మెట్టు మాటేమిటి? ఎనిమిదేళ్లలో భాగస్వామి కావాలి, లేదా వెళ్లిపోవాలి అన్నది ఆ వృత్తిలో చాలాచోట్ల ఉన్న ఆచారం. ఆమెకు పన్నెండేళ్లు పట్టవచ్చు. పన్నెండో ఏట ఆమె చెప్పే సలహా ఎనిమిదో ఏట ఇంకొకరు చెప్పేదానికి తీసిపోతుందని ఎవరూ నిరూపించలేదు. తలుపు మూయడానికి గడియారం తప్ప వేరే కారణం చూపించగలిగితే వింటాను.

20 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి ప్రైవేటు సంస్థా వికలాంగులకు సమానావకాశాల విధానం ఒకటి రాసుకోవాలి. వాళ్లకు ఏ పనులు తగినవో, ఏ పరికరాలు సమకూరుస్తారో, ఎవరితో మాట్లాడాలో అందులో ఉండాలని 2017 నియమాలు చెబుతున్నాయి. దాన్ని తమ వెబ్‌సైటులో పెట్టాలి, లేకపోతే నలుగురికీ కనబడే చోట అతికించాలి. ఒక ప్రతిని కమిషనరు దగ్గర నమోదు చేయాలి. ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే మన పిల్లలు ఈ పత్రికను ఎప్పుడైనా ఇంట్లో తిరగేస్తే, సోమవారం వెళ్లి ఆ కాగితం తమ ఆఫీసులో ఎక్కడుందో చూసి రావచ్చు. జబ్బున్నవాళ్లే చూడాలని లేదు. ఆ పక్క కుర్చీ కుర్రాడు చూస్తే మరీ మంచిది, అడగడానికి అతనికి రహస్యమేమీ విప్పుకోనక్కర్లేదు.